టికియాపారాలో సిగ్గుకు సాక్ష్యం

మా డైరెక్టరు శుభంకర్‌దా గుడ్డసంచిలోకి చెయ్యి పెట్టి బంగినపల్లి మామిడిపండు ఒకటి బయటికి తీసిన క్షణంలో నాకు ప్రమాదం తెలిసింది. అప్పటిదాకా కూడా ఆ రోజు సవ్యంగా నడవడం లేదు. కానీ అది మామూలుగా చెడిపోవడం, ఇది వేరు. ఆయన రెండో పండు తీశాడు. మూడోది తీశాడు. వాటిని వసారాలో ఉన్న నులకమంచం మీద వరసగా పెట్టి, అందరి వైపూ చూసి నవ్వాడు. అందరూ అంటే, ఆ ఇళ్లవాళ్లెవరూ అక్కడ లేరు. మూసిన తలుపులున్నాయి. ఆ తలుపుల వెనక గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

నా మూడేళ్ల కొడుకు చిట్టి నా వేలు వదిలించుకుని మంచం వైపు నడిచాడు.

అసలు సంగతి

నేను రిటైరై ఏడాది కావస్తోంది. వయసు ముప్పై నాలుగు. ఇద్దరు పిల్లలు, రాత్రి షిఫ్టుల భర్త, తరచూ మూతపడే డేకేర్, ఇవన్నీ కలిసి నాకు పదవీ విరమణ ఇప్పించాయి. ఇప్పుడు నా కుర్చీలోకి ఒకమ్మాయి వస్తోంది. "అక్కా, ఈ పని ఎలా చెయ్యాలో చెప్పండి" అని ఫోన్ చేసింది. చెబుతుండగానే చిట్టి ఆ ఫోన్‌ని బకెట్‌లో వెయ్యబోయాడు. అందుకని పిల్లలు పడుకున్నాక కాగితం మీద పెడుతున్నాను. ఎక్కడైనా వాక్యం తెగిపోతే, లోపల ఎవరో దగ్గారనీ నేను నుదురు పట్టి చూడటానికి వెళ్లాననీ అనుకోవాలి.

మా సంస్థ భవానీపూర్‌లో ఒక మిఠాయి కొట్టు మీద మేడ. గిరిజనులుగా గుర్తింపు కోరుకునే సమూహాలకు అర్జీలు తయారుచేసి, విచారణలకు తోడు వెళ్లడం మా పని. నేను వాళ్ల దగ్గరికి వెళ్లి వినేదాన్ని, విన్నది బెంగాలీలో తిప్పి చెప్పేదాన్ని. ఆఫీసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి టికియాపారా నాకు దక్కింది.

హౌరా వైపు, రైల్వే పట్టాల పక్కన ఒక సందులో జాతాపు కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం కొండల నుంచి తాతల కాలంలో రైల్వే పనికి వచ్చినవాళ్లు. మన రాజ్యాంగంలో గిరిజన తెగల జాబితా రాష్ట్రానికొకటి. అందులో పేరు చేర్చాలన్నా తియ్యాలన్నా పార్లమెంటే చెయ్యాలి. జాతాపుల పేరు ఆంధ్రా జాబితాలో ఉంది, బెంగాల్ జాబితాలో లేదు. అంటే రైలు ఇచ్ఛాపురం దాటేదాకా ఆ మనిషి గిరిజనుడు. హౌరాలో దిగేసరికి ఒట్టి మద్రాసీ. పిల్లలకు హాస్టలు సీటు అడిగినా, రిజర్వుడు స్థానంలో నామినేషను వేద్దామన్నా, "మీరెవరు?" అన్న ప్రశ్న దగ్గరే పని ఆగిపోతుంది. సందు మొత్తం ఎదురుచూస్తున్నది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం. పరిశీలనకు ఒక అధికారి వస్తాడు, తర్వాత ఒక విచారణ. అక్కడ కాదన్నారంటే ఆ ఫైలు మళ్లీ కదిలేసరికి చిట్టికి మీసాలొస్తాయని శుభంకర్‌దా చెప్పాడు.

ఎవరు గిరిజనులో తేల్చడానికి పాతకాలం నాటి కొలతలు ఐదున్నాయి. ఆదిమ లక్షణాలు, ప్రత్యేకమైన సంస్కృతి, దూరంగా విడిగా బతకడం, బయటివాళ్లతో కలవడానికి సిగ్గుపడటం, వెనకబాటుతనం. చదివితే నవ్వొస్తుంది, నవ్వాక కోపమొస్తుంది. నవ్వూ కోపమూ ఆఫీసు బయట వదిలి లోపలికి రావడం ఈ ఉద్యోగంలో నేను ముందుగా నేర్చుకోవాల్సిన పని. ఎప్పటికీ నేర్చుకోలేదు.

టికియాపారా విషయంలో విడిగా బతకడం సులువే. ఒక పక్క పట్టాలు, ఇంకో పక్క మురుగుకాలువ. వానాకాలంలో ఆ సందు ఒక ద్వీపం. వెనకబాటుతనానికి సందంతటికీ ఉన్న ఒక్క కుళాయి చూపిస్తే చాలు. ఇబ్బందల్లా సిగ్గు దగ్గర వచ్చింది. ఆ సందులోకి కొత్త మనిషి అడుగుపెడితే ఏ ఇంటికెళ్లాలో చెప్పేలోపు నాలుగిళ్లలో టీ తాగాలి.

రమేష్ ఏర్పాట్లు

సందు సంఘానికి కార్యదర్శి రమేష్. కొరియర్ కంపెనీలో పని, నోట్లో సగం బెంగాలీ సగం హిందీ, తెలుగు ఇంట్లో మాత్రమే. గుర్తింపు రాకముందే తన ఫోటోతో, చేతులు జోడించిన ఫ్లెక్సీ ఒకటి చేయించి అటక మీద దాచాడు.

"పార్టీ ఏమిటి రమేష్?" అని అడిగాను.

"అది ఖాళీ ఉంచాను దిది. ఎవరు టికెట్టిస్తే ఆళ్లది రాయించీడమే."

ఐదు కొలతల గురించి నేను చెప్పినప్పుడు అతను శ్రద్ధగా విన్నాడు. కొత్తమ్మాయికి చెప్పేదేమిటంటే, శ్రద్ధగా వినేవాళ్లను చూసి భయపడాలి. పరిశీలన రోజు మేం వెళ్లేసరికి సందు మొత్తం కర్ఫ్యూ పెట్టినట్టుంది. అన్ని తలుపులూ మూసేసి ఉన్నాయి. పిల్లలు లేరు, కోళ్లు లేవు, రేడియో లేదు.

వచ్చిన అధికారి బాస్కేబాబు. సంథాల్ తెగ మనిషి, బాగా ఎండకు తిరిగిన ముఖం. ఆయన తెగ పేరు ఎప్పటినుంచో జాబితాలో ఉంది. సందు మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూశాడు.

"ఇక్కడ మనుషులు లేరా?"

"ఉన్నారు దాదా," అన్నాడు రమేష్. "బాగా సిగ్గు."

కాసేపటికి ఒక తలుపు జానెడు తెరుచుకుంది. గాజులున్న చెయ్యి ఒకటి బయటికొచ్చి, టీ గ్లాసు మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. రెండు బిస్కెట్లు వచ్చాయి. ఎదురింటి తలుపు సందులోంచి, కుర్చీ మీద వేసుకోవడానికి కాబోలు, ఒక తలగడ వచ్చింది. ఇంకో కిటికీలోంచి, "చక్కెర సరిపోయిందేటో అడుగు" అని గుసగుస. రమేష్ తల పట్టుకున్నాడు. బాస్కేబాబు టీ తాగుతూ, "ఇంత మర్యాదైన సిగ్గు నేనెక్కడా చూడలేదు" అని నాతో మెల్లగా అన్నాడు. "మా తాతను కూడా ఇదే అడిగారట. ఆయన సిగ్గుపడకుండా సిగ్గని చెప్పాడట."

సరిగ్గా అప్పుడు శుభంకర్‌దాకు తన సంచి గుర్తొచ్చింది.

పండు

శుభంకర్‌దా మంచివాడు. ఒకరింటికి ఉత్త చేతులతో వెళ్లడం ఆయనకు చేతకాదు. మామూలుగా సందేశ్ మిఠాయి పొట్లం తెస్తాడు. ఆ రోజు భవానీపూర్ బజార్లో ఆ ఏడాది మొదటి మామిడిపండ్లు కనిపించాయి, అదీ ఆంధ్రా నుంచి వచ్చినవి. వీళ్లకు సొంత ఊరి రుచి చూపిద్దామని ముచ్చటపడ్డాడు.

ఆ సందులో మామిడి కొత్త అనే ఆచారం ఉందని ఆయనకు నేను రెండుసార్లు చెప్పాను. ఏడాదిలో ముందుగా వచ్చిన పండును చనిపోయిన పెద్దలకు పెట్టాలి, ఆ తర్వాతే బతికున్నవాళ్లు నోట పెట్టుకోవాలి. ఏ రోజు పెట్టాలో సందంతా కూర్చుని ఒప్పుకోవాలి. అప్పటిదాకా మామిడిపండు గుమ్మం దాటకూడదు. నేను చెబుతున్నంతసేపూ శుభంకర్‌దా కళ్లు మూసుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుంటే తనకు బాగా వినబడుతుందని అంటాడు. పై అధికారి కళ్లు తెరిచి ఉన్నప్పుడే ముఖ్యమైన మాట చెప్పండి, ఇది నా అనుభవం.

డేకేర్ మూసేశారని ఆ రోజు చిట్టిని వెంట తెచ్చాను. నేను అరిచేలోపు వాడు మంచం మీది పండు ఒకటి రెండు చేతులతో ఎత్తి, తొక్కతో సహా కొరికాడు.

నాకు ముందు గుర్తొచ్చింది వాళ్ల పెద్దలు కాదు, కార్బైడ్. పండు కడగలేదు. ఏ మందులో మగ్గబెట్టారో తెలియదు. పరుగెత్తి వాడి నోట్లో వేలు పెట్టాను. వాడు నా వేలినీ కొరికాడు.

ఎదురుగా తలుపు భళ్లున తెరుచుకుంది. ఆ వసారా నీలమ్మ మామ్మది. కూతురి పిల్లల్ని పెంచుతున్న ముసలావిడ, గొంతు మాత్రం రైలు కూతకు పోటీ.

"ఎవుడు తెచ్చినాడు? నా గుమ్మంలో మాడిపండు ఎవుడెట్టినాడు?"

శుభంకర్‌దా ఆనందంగా చెయ్యెత్తాడు.

అంతే, అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. మంచాల కింద దాచిన పిల్లలు, కోళ్లు, ముసలివాళ్లు, అందరూ ఒకేసారి బయటపడ్డారు. బాస్కేబాబు టీ గ్లాసు పక్కన పెట్టి కాగితాలు ఒళ్లోకి లాక్కున్నాడు.

అందరూ ఒప్పుకునేదాకా

ఆ సందులో ఓట్లు లెక్కపెట్టరు. కూర్చుంటారు. అందరూ ఒప్పుకునేదాకా లేవరు. పాతికమంది ఒప్పుకుని ఒకరు కాదంటే, ఆ ఒక్కరి కోసం పాతికమందీ కూర్చుంటారు. ఇంకో పద్ధతి కూడా ఉంది, అది నేను ఇంకెక్కడా చూడలేదు. చిట్టచివర ఒప్పుకున్న మనిషే ఆ తీర్మానాన్ని బయటికి తీసుకెళ్లి చెప్పాలి. ముందే ఒప్పుకున్నవాడు ఉత్సాహంలో నాలుగు మాటలు కలుపుతాడట. ఆఖర్న ఒప్పుకున్న మనిషి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పడట. మన చట్టసభల్లో ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో చిట్టికి అన్నం తినిపిస్తూ చాలాసార్లు ఆలోచించాను.

సందులో పెద్ద సింహాద్రి తాత. రైల్వేలో పట్టాల పని చేసి మానినవాడు. ఆయన తేల్చి చెప్పాడు. "గుంటడికి ఏటి తెలుసు? పెద్దోలకంటే ముందు తిన్నాడంటే, పెద్దోలే ఆడి సేత తినిపించీసినారు. మరింక ఆడు మనోడే. మనలో కలిపీసుకుని, రేపే కొత్త పెట్టీద్దాం."

రమేష్ ఎగిరిపడ్డాడు. "తాతా, పక్కనే సర్ ఉన్నాడు. బయటోడ్ని ఇప్పుడు కలిపీసుకున్నామంటే మన సిగ్గు ఏటైపోద్ది? కేసు పోద్ది. ముందు ఈళ్లని తరిమీయండి, తర్వాత కలుపుకుందాం."

"ఏమంటున్నాడు?" అని బాస్కేబాబు నన్నడిగాడు.

ఇక్కడ కొత్తమ్మాయి జాగ్రత్తగా చదవాలి. మన పక్షం వాళ్లు తమ కేసుకు తామే ఎసరు పెట్టుకుంటున్నప్పుడు ఏం తిప్పి చెప్పాలి? శుభంకర్‌దా నాకు కళ్లతో సైగ చేశాడు. "వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు" అని చెప్పవచ్చు. కానీ అలా ఒక్కసారి చెబితే ఆ తర్వాత నేను చెప్పే నిజాలకు కూడా విలువ ఉండదు. ఉన్నదున్నట్టు చెప్పాను. తరిమెయ్యమన్న మాటతో సహా. బాస్కేబాబు పెదవి కొరుక్కుని రాసుకున్నాడు. రమేష్ నా వైపు చూసిన చూపులో ఫ్లెక్సీ ఖర్చు మొత్తం కనిపించింది.

ఒక్కొక్కరే ఒప్పుకుంటూ వచ్చారు. చివరికి రమేష్ కూడా, ఏడవలేక. నీలమ్మ మామ్మ ఒక్కతే ఒల్లనంది.

"ఎవులి గుంటడు? ఏ ఊరోలు? రేపు తల్లి ఈ పని మానీసి ఎలిపోతే, మనోడని ఎవుర్ని పట్టుకుంటాం?"

అందరూ కూర్చున్నారు. ఎండ జరిగింది. పక్కనుంచి లోకల్ రైళ్లు పోతున్నప్పుడు మాట ఆపి, పోయాక అక్కణ్ణుంచే అందుకున్నారు. నేను చిట్టి పొట్ట తడుముతూ, ఎప్పుడు వాంతి అవుతుందా అని చూస్తున్నాను. ఆవిడ నా చేతినే చూస్తోంది.

"ఏటమ్మా ఆపీసమ్మా, అలా తడుముతున్నావు?"

"పండు కడగలేదు మామ్మా. ఏమన్నా అవుతుందేమోనని."

"నీదే ఊరు?"

"కాకినాడ."

"ఇక్కడ నీకు ఎవులున్నారు?"

"మా ఆయన."

"ఇంకా?"

ఆలోచించాను. డేకేర్ ఆయా పేరు చెప్పబోయి ఆగాను. మా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటు వాళ్ల ముఖాలు గుర్తు తెచ్చుకున్నాను. ఒక్క పేరూ రాలేదు.

"రాత్రేళ పిల్లోడికి జరం వస్తే ఎవుర్ని లేపుతావు?"

ఫోన్లో చూస్తానని చెప్పడానికి సిగ్గేసింది. ఆ రోజు ఆ సందులో నిజంగా సిగ్గుపడిన మనిషిని నేనొక్కదాన్నే.

ఆవిడ లేచి వచ్చి, చిట్టి మూతి తన చీర కొంగుతో తుడిచింది. "సరే. ఒప్పీసుకున్నాను," అంది. "ఎవుల్లేనోలని ఒల్లనంటే, మనం ఎందుకిలా కూకోడం."

సందంతా ఊపిరి పీల్చుకుంది. వెంటనే సింహాద్రి తాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆఖర్న ఒప్పుకున్నది నీలమ్మ కాబట్టి, విచారణలో సందు తరఫున మాట్లాడాల్సింది కూడా ఆవిడే. ఒక సభకు ఒకే నోరు, ఆ తర్వాత బయట ఏం చెప్పాల్సి వచ్చినా అదే నోరు అన్నది వాళ్ల లెక్క. రమేష్ ఆ ప్రసంగం ఇంట్లో అద్దం ముందు నెలల తరబడి చెప్పుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

విచారణ గది

గదిలోకి ఇద్దరికే అనుమతి అని విచారణ నోటీసులో రాశారు. సందు సందంతా వచ్చింది. గుమాస్తా నెత్తి కొట్టుకుని నీలమ్మ మామ్మను, నన్ను లోపలికి పంపి, మిగతావాళ్లను వరండాలో నిలబెట్టాడు. లోపల బల్లకు అవతల అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. ఓ మూల బాస్కేబాబు.

"మీ తెగ ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?" అని అధ్యక్షుడు అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"ఒక్క నిమసం బాబూ," అని మామ్మ లేచి, తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. బయట పెద్ద గోల. తిరిగొచ్చి కూర్చుంది. "మా అయ్యల కాలంలో. సింహాద్రి ఇంకా ముందంటన్నాడు గానీ ఆడి మాట ఎవులూ ఒప్పుకోనేదు."

రెండో ప్రశ్నకూ అంతే. మూడో దానికీ అంతే. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈవిడ ప్రతినిధే కదా? తనంతట తాను చెప్పలేదా?"

నేను తిప్పి చెప్పాను. మామ్మ ఆశ్చర్యపోయింది. "నా ఇష్టమొచ్చింది సెప్పడానికైతే నన్నెందుకు పంపుతారు? అలాటోడు మాకు ఒకడున్నాడు, బయట నిలబడ్డాడు." రమేష్ దగ్గు వినబడింది.

సభ్యుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక మంచినీళ్లు తాగాడు. నేను మాత్రం ప్రశ్నలు లెక్కపెట్టుకుంటున్నాను. ప్రశ్నలు తరుగుతున్నాయి, రావాల్సింది ఇంకా రాలేదు.

అధ్యక్షుడు నివేదిక తిరగేశాడు. "పరిశీలన రోజున మీవాళ్లు ఒక పరాయి పిల్లవాణ్ని మీలో కలుపుకున్నారని ఇందులో ఉంది. మరి బయటివాళ్లతో కలవడానికి మీ తెగ సిగ్గుపడుతుందని అర్జీలో రాశారు. రెండూ ఎలా కుదురుతాయి?"

ఒక్కో మాటా తిప్పి చెప్పాను. పరాయి పిల్లవాడు మా ఇంట్లో పక్క తడిపే చిట్టి. వాడు కొరికిన కొరుకు ఇంతమంది బతుకుల మీద పడింది.

మామ్మ తలుపు వైపు చూసింది. ఆవిడ లేస్తుందని గుమాస్తా తలుపు తియ్యబోయాడు కూడా. ఆవిడ లేవలేదు.

"దీనికి అడగక్కర్నేదు. ఇది మేం కూకుని ఒప్పుకున్నదే," అంది. "మేం కలుపుకుంటాం బాబూ. సిగ్గేటి అందులో? రైలు పట్టాల పక్కన బతికీవోలకి సిగ్గుంటే తానమాడేదెలా? గానీ ఎవుర్ని కలుపుకోవాలో మేం కూకుని సెప్పుకుంటాం. ఆ గుంటడి తల్లిని కూకోబెట్టి, అడిగి, సెప్పినాం. మేం ఎవులిమో మీరు కూకుని సెప్పుకుంటన్నారు. మమ్మల్ని వరండాలో నిలబెట్టీసి."

నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. ఈ ఉద్యోగంలో నేను బాగా చేసిన పని ఏదైనా ఉంటే అది ఆ నాలుగు మాటలు తిప్పి చెప్పడమే.

గుమాస్తా మెల్లగా, "సార్, సిగ్గు దగ్గర ఏం రాయమంటారు?" అని అడిగాడు.

అధ్యక్షుడు నివేదిక మూసి, "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి," అన్నాడు. "ఆ తలుపు కూడా తీసి ఉంచండి. ఇంకా రెండు ప్రశ్నలున్నాయి, ఆవిడ ప్రతిసారీ లేవడం ఎందుకు?"

మిగతా రెండు ప్రశ్నలకూ వరండా మొత్తం జవాబు చెప్పింది. అది విచారణలా లేదు, చేపల బజారులా ఉంది. అర్జీని సానుకూలమైన సిఫారసుతో పైకి పంపుతున్నట్టు సాయంత్రం బాస్కేబాబు ఫోన్ చేసి చెప్పాడు. పైకి అంటే ఢిల్లీ. అక్కడ కూడా కొలతలూ బల్లలూ ఉంటాయి. ఇవాళ్టికీ అది అక్కడే ఉంది. మనం గెలిపించామని కొత్తమ్మాయి ఎవరితోనూ అనకూడదు. వాళ్లు తమ సంగతి చెప్పుకున్నారు, మనం తలుపు దగ్గర ఉన్నాం, అంతే.

విచారణ మర్నాడు పొద్దున బడికి జడ వేస్తుంటే నా కూతురు అమూల్య మూతి ముడుచుకుని కూర్చుంది. అప్పటికి దానికి ఏడేళ్లు. తమ్ముడికి టికియాపారాలో ఒక మామ్మ, ఒక తాత, సందెడు చుట్టాలు దొరికారని, రాత్రి వాళ్ల నాన్నకు ఫోన్లో విచారణ సంగతి చెబుతూ నేను అనడం వింది.

"మరి నేను? నేను కూడా వాళ్ల అమ్మాయినేనా?"

ఔనంటే అయిపోయేది, బస్సు టైమవుతోంది. కానీ నోరు రాలేదు. ఇద్దరినీ దగ్గరికి లాక్కుని చెప్పాను. "అది నేను చెప్పేది కాదమ్మా, వాళ్లు చెప్పాలి. ఆదివారం వెళ్లి నువ్వే అడుగు. అందరూ ఒప్పుకునేదాకా కదలకుండా కూర్చోవాలి, మధ్యలో ఇంటికెళ్దామని గోల చెయ్యకూడదు. వాళ్లు నిన్ను ఏమడిగినా నిజమే చెప్పు."